గాజు అరల నుంచి ప్రభల దాకా

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియాన్నీ, నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ తిరునాళ్ళనూ ఒకే ప్రయాణంలో చూడాలన్నది చాలాకాలంగా నాకున్న కోరిక. ఆ రెండింటికీ పొంతన ఏమిటని ఇంట్లోవాళ్ళు అడిగారు. నాకు మాత్రం పొంతన కళ్ళకు కట్టినట్టు కనబడుతూనే ఉంది. ఒకచోట దేశదేశాల పనితనం గాజు అరల్లో కొలువుదీరి ఉంటుంది. రెండోచోట పల్లెటూళ్ళ పనితనం ప్రభల రూపంలో ఎనభై, తొంభై అడుగుల ఎత్తున నిలబడి రోడ్డు మీద నడిచి వస్తుంది. రెండూ అలంకార కళలే. పని జరిగితే చాలని సరిపెట్టుకోకుండా పళ్ళేనికీ, పీటకీ, తలుపుకీ, బండికీ కూడా రంగూ, గీతా, నగిషీ చేర్చుకునే మనిషి స్వభావం లోంచి పుట్టినవే. మనం పటానికీ విగ్రహానికీ ఇచ్చినంత గౌరవం ఈ కళలకు ఇవ్వలేదు. ఇవ్వాలని నా గట్టి నమ్మకం. శివరాత్రి దగ్గరపడుతుండగా ఆ నమ్మకంతోనే బయల్దేరాను.

మూసీ దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫాలో ఉంది సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు, మిగతా అన్ని రోజులూ జనమే. బడిపిల్లల వరసలు, పెళ్ళయిన కొత్తజంటలు, పల్లెల నుంచి బస్సులు కట్టించుకుని వచ్చినవాళ్ళు. గంట కొట్టే వేళకు అందరి అడుగులూ ఒకేవైపు పడతాయి. కుక్ అండ్ కెల్వీ సంస్థ గడియారం ముందు నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుంటారు. గడియారంలోంచి గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంట మోగించి లోపలికి పోతుంది. అంతే. దానికోసం వందల మంది ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తారు, చప్పట్లు కొడతారు. యంత్రానికి కాస్త చమత్కారం జోడిస్తే మనిషి మనసు ఎంత తేలికపడుతుందో అక్కడ చూడాలి.

ఈ సంపదంతా ఒక కుటుంబం కూడబెట్టింది. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1876లో రోమ్ నగరంలో బెంజోనీ చెక్కిన ‘మేలిముసుగు రెబెకా’ విగ్రహాన్ని కొన్నాడు. ఆయన మనవడు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో, పాతికేళ్ళు నిండకముందే, నిజాముకు ప్రధానమంత్రి అయ్యాడు. రెండేళ్ళకే ఆ పదవి వదిలేశాడు. ఆ తర్వాత జీవితమంతా వస్తువుల సేకరణలోనే గడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. 1949లో ఆయన కన్నుమూశాక ఆ వస్తువులన్నీ ఎవరికి చెందాలన్న ప్రశ్న వచ్చింది. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వాటిని ఒక క్రమంలో అమర్చిపెట్టగా, 1951 డిసెంబరు 16న ఆ కుటుంబం నివాసమైన దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టంతో ఇది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో ఇప్పటి భవనానికి మారింది.

రెబెకా ముందు ఎప్పుడూ గుంపే. ఒకే పాలరాతిలో ముఖమూ, ముఖం మీద పలచని ముసుగూ రెండూ కనిపిస్తాయి. రాయి ఎక్కడ బట్ట అయిందో, బట్ట ఎక్కడ చెంప అయిందో కన్ను తేల్చుకోలేదు. కొంచెం అవతల మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టాల జంట కొయ్యబొమ్మ. ముందు నుంచి చూస్తే పొగరుగా నిలబడ్డ మగవాడు, వెనక అద్దంలో తల వంచుకున్న అమ్మాయి. జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసిన కత్తి ఉన్న పచ్చరాతి గదిలోనూ జనం నెమ్మదిగా కదులుతారు. వీటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను నా కాళ్ళు నిలిచిపోయిన చోటికి వస్తాను. అది బీదరు పనితనం ఉన్న గది.

అక్కడ ఒక హుక్కా కుదురు ముందు నిలబడ్డాను. కాటుకలాంటి నలుపు. ఆ నలుపు మీద వెండి గసగసాల మొక్కలు. ఒక్కో మొక్కకూ వంగిన కాడ, విచ్చిన పువ్వు, పక్కన ముడుచుకున్న మొగ్గ. కుదురు గుండ్రం కనుక మొక్కలు అడుగున ఇరుకుగా మొదలై, పొట్ట దగ్గర రెక్కలు విప్పుకుని, మెడ దగ్గర మళ్ళీ దగ్గరికి వస్తాయి. గుండ్రటి ఒంటి మీద బొమ్మను పరచడం ఎంత కష్టమో కుండ మీద ముగ్గు వేసి చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఇక్కడ ఏ పువ్వూ సాగలేదు, ఏ కాడా నలగలేదు.

ఈ వస్తువు ఎలా తయారవుతుందో తెలిస్తే చూపు మారుతుంది. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి ఇసుక అచ్చులో పోతపోస్తారు. పోతను నునుపుచేసి, మైలుతుత్తం నీళ్ళతో తాత్కాలికంగా నల్లబరుస్తారు, గీత తెల్లగా కనబడడానికి. ఆ గీత వెంట ఉలితో గాడి తొలుస్తారు. గాడిలో వెండి తీగనో, వెండి రేకునో పెట్టి సుత్తితో మెల్లగా కొట్టి దిగ్గొడతారు. మళ్ళీ అంతా అరగదీస్తారు. అప్పటికి వస్తువు మొత్తం బూడిదరంగు తెలుపు, వెండి ఏదో లోహం ఏదో తెలియదు. చివరి పని బీదరు కోటలోని పాత మట్టిది. ఆ మట్టినీ నవాసాగరాన్నీ నీళ్ళలో కలిపి, వేడిచేసిన వస్తువుకు పట్టిస్తారు. లోహం ఎప్పటికీ మారని నలుపు తిరుగుతుంది. వెండికి మాత్రం ఏమీ కాదు. నలుపు లోంచి పువ్వులు ఒక్కసారిగా పైకి లేస్తాయి. అన్నాళ్ళ కష్టం బాగుందా బాగాలేదా అన్నది ఆ చివరి క్షణంలోగాని పనివాడికే తెలియదు.

ఆ కుదురు పక్కన ఉన్న చిన్న అట్టముక్క చదివాను. వస్తువు పేరు, ఊరు, శతాబ్దం ఉన్నాయి. చేసినవాడి పేరు లేదు. మిగతా అరలూ అంతే. నలభై మూడు వేలకు పైచిలుకు కళావస్తువులున్న ఈ భవనంలో వాడుకున్న రాజుల పేర్లు, కొన్న దొరల పేర్లు, బహూకరించిన చక్రవర్తుల పేర్లు కనిపిస్తాయి. మన దేశపు చేతిపనుల గదుల్లో చేసిన చేతుల పేర్లు దాదాపు ఎక్కడా కనబడవు. ఇది ఈ మ్యూజియం లోపం కాదు. ఆ పేర్లు రాసిపెట్టుకోవాలని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. అప్పుడు రాయనిది ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. ఈ మాట మనసులో పెట్టుకునే నేను కోటప్పకొండ బస్సెక్కాను.

పనితనాన్ని రాసిపెట్టుకున్నవాళ్ళ సంగతి బస్సులో గుర్తొచ్చింది. అలంకార కళలకు ప్రత్యేకంగా మ్యూజియం కట్టాలన్న ఆలోచన లండనులో పుట్టిన కథ కూడా మనకు తెలియాల్సిందే. 1851లో అక్కడ జరిగిన మహాప్రదర్శనలో మన నేతగుడ్డలు, నగిషీలు చూసి బ్రిటిష్ వాళ్ళు ఆశ్చర్యపోయారు. తమ మిల్లుల సరుకుకు అంత అందం ఎందుకు లేదని ఆలోచనలో పడ్డారు. మరుసటి ఏడాదే, 1852లో, చేతివృత్తులవాళ్ళూ మిల్లుల యజమానులూ చూసి నేర్చుకోవడానికని ఒక మ్యూజియం పెట్టారు. హెన్రీ కోల్ దాన్ని నడిపాడు. అదే తర్వాత సౌత్ కెన్సింగ్టన్‌కు మారి, 1899లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అన్న పేరు పెట్టుకుంది. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశపు బట్టలు 700 నమూనాలు కత్తిరించి 18 సంపుటాల్లో అతికించాడు. అలాంటివి 20 ప్రతులు చేసి, ఎక్కువభాగం బ్రిటన్ పట్టణాలకూ కొన్ని భారతదేశానికీ పంపారు. మాంచెస్టరు మిల్లులు ఆ నమూనాలు చూసి మన వాళ్ళకు నచ్చే బట్టలు నేయాలన్నది ఉద్దేశం. మన నేతగాళ్ళకు దానివల్ల జరిగిన నష్టం తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అయినా అందులో నేర్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. పనితనాన్ని శ్రద్ధగా రాసిపెట్టుకున్నవాడి చేతిలో అది బలమవుతుంది. రాసిపెట్టుకోనివాడి చేతిలోంచి జారిపోతుంది.

హైదరాబాదు నుంచి నరసరావుపేటకు నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా దారి. వాడపల్లి దగ్గర బస్సు కృష్ణ దాటుతుంది. మ్యూజియం గోడ పక్కన పారిన మూసీ వచ్చి కృష్ణలో కలిసేది ఆ చుట్టుపక్కలే. వంతెన దిగితే పల్నాడు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, రోడ్డు పక్క కుప్పలుపోసిన నాపరాళ్ళు. మధ్యలో కళ్ళాల మీద ఆరబోసిన మిరపకాయలు. శివరాత్రి వేళకు పల్నాడు నేల సగం తెలుపు, సగం ఎరుపు.

ఈ సున్నపురాయిని తక్కువగా చూడకూడదు. ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉన్న అమరావతి స్తూపానికి ఒంటినిండా తొడిగింది ఈ జాతి రాయే. లేత ఆకుపచ్చ చాయ ఉన్న ఆ రాతి మీద శిల్పులు విచ్చిన తామరలు, అర్ధపద్మాలు, దండలు మోసే మరుగుజ్జులు, పూలు పొంగే పూర్ణఘటాలు చెక్కారు. బుద్ధుడి కథకు ఎంత చోటిచ్చారో అలంకారానికీ అంత చోటిచ్చారు. 18వ శతాబ్దం చివర కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ రాళ్ళలో కొన్ని 1859లో ఓడెక్కి లండను చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, మరికొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. అదే పూర్ణఘటం నేడు ఆంధ్రప్రదేశ్ రాజముద్ర నడుమ ఉంది. మాచర్ల పక్కన దుర్గిలో ఈనాటికీ ఉలి చప్పుడు వినబడుతుంది. దుర్గి రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పౌరుషానికి పేరుపడ్డ సీమ అని మనం పల్నాడును పొగుడుకుంటాం. అలంకారానికి కూడా ఇది రెండు వేల ఏళ్ళ సీమ.

నరసరావుపేటలో దిగి, ముందు చిలకలూరిపేట వైపు ఒక ఊరికి వెళ్ళాను. పురుషోత్తమపట్నం, కావూరు, మద్దిరాల, యడవల్లి... ఆ పక్క ఊళ్ళ పేర్లన్నీ ప్రభల పేర్లతోనే జనం నోళ్ళలో నానుతాయి. ఫలానా ఊరి ప్రభ ఈసారి ఎంత ఎత్తట, ఫలానా ఊరివాళ్ళు ఏం కొత్తగా పెట్టారట అన్నవే కబుర్లు. నేను వెళ్ళిన ఊళ్ళో ప్రభ దాదాపు పూర్తయింది. రచ్చబండ పక్కన నిలబడి మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూశాను.

దూరం నుంచి ప్రభ ఒకే పలకలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే అదంతా అల్లిక అని తెలుస్తుంది. అడుగున బండి. బండి మీద బలమైన దూలాల చట్రం. అందులోంచి పైకి లేచిన పొడవాటి వాసాలు, వాటికి అడ్డంగానూ ఏటవాలుగానూ కట్టిన వెదుళ్ళు. ఒక్కో కూడలి దగ్గర తాడుకట్టు. నేను చేత్తో తడిమిన కట్టు తాడును రెండుమూడు చుట్లు అడ్డంగా, మళ్ళీ నిలువుగా తిప్పి, చివరి కొసను చుట్ల మధ్య నుంచి బిగలాగి దోపిన కట్టు. వేలు దూర్చి కదపబోయాను. కదల్లేదు. పైకెళ్ళేకొద్దీ వెదుళ్ళు సన్నమయ్యాయి. ముందుభాగాన రంగు గుడ్డలు, మెరుపు కాగితాలు పలకలు పలకలుగా సర్దారు. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన ఆకుపచ్చ, మధ్యలో వెండిరంగు. నడిమధ్య శివపార్వతుల పటం. అంచుల వెంట పైదాకా బల్బుల బారులు. శిఖరాన జెండా. నాలుగు వైపులా నేలకు వేలాడుతున్న మోకులు.

మోకులు సరిచూస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి అడిగాను.

“ఎన్ని అడుగులు కట్టారు బాబాయ్?”

“ఎత్తుదేముందబ్బాయ్, డబ్బులుంటే ఎవరైనా ఎత్తు కడతారు. కొండ దాకా నిలబడి రావాల గదా. అదీ పని.”

“గాలి వస్తేనో?”

“గాలికి దారియ్యాల. మొహమంతా మూసేశావంటే తెరచాపై కూచుంటది. అందుకే గుడ్డకీ గుడ్డకీ మజ్జె సందు. అడుగున బరువుండాల, పైన తేలిగ్గా ఉండాల. మలుపు కాడ ఈ నాలుగు మోకులోళ్ళూ ఒకళ్ళ మాట ఒకళ్ళు వినాల. ఒకడు లాగితే ఎదరోడు వదలాల. ఇదంతా కాయితం మీదేముండదు నాయనా. మా నాయన కాడ నేను చూశా, నా కాడ ఈళ్ళు చూస్తన్నారు.”

ఈళ్ళు అంటూ ఆయన చూపించింది పైన కోతుల్లా ఎక్కి బల్బులు బిగిస్తున్న కుర్రాళ్ళను. అందులో ఒకడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడట, సెలవు పెట్టి వచ్చాడు. చందాలు వసూలు చేసేవాళ్ళు ఒక జట్టు, గుడ్డలు కుట్టేవాళ్ళు ఒక జట్టు, కరెంటు పని ఒక జట్టు. కులాలూ పార్టీలూ వేరైనవాళ్ళు అక్కడ ఒకే మోకు పట్టుకుని నిలబడ్డారు. ఇది ఎవరి పని అని అడిగితే ప్రతివాడూ “మా ఊరిది” అనే చెప్పాడు. సాలార్‌జంగ్‌లో ఒక్కడి కళ్ళు ఏరి తెచ్చినవి చూశాను. ఇక్కడ ఊరంతటి చేతులు కలిసి కట్టినది చూస్తున్నాను. రెండింటికీ శ్రద్ధ సమానమే.

శివరాత్రి నాడు కొండ వైపు రోడ్లన్నీ జనమయం. త్రికోటేశ్వరుడు వెలసిన ఈ కొండను త్రికూటం అంటారు. ఏ వైపు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయంటారు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని వాటి పేర్లు. పాత కోటయ్య గుడి పైన రుద్రశిఖరం మీద ఉంది, ఇప్పుడు పూజలందుకునే స్వామి బ్రహ్మశిఖరం మీద ఉన్నాడు. స్వామి అక్కడికి ఎలా వచ్చాడో చెప్పే కథ కొండ మెట్లెక్కే ప్రతివాళ్ళకూ తెలుసు. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ కొండెక్కి స్వామిని కొలిచేది. ఆమె కష్టం చూడలేక, నీ వెంట నేనే వస్తాను, వెనక్కి తిరిగి చూడకు అన్నాడు స్వామి. ఆమె దిగుతూ దిగుతూ వెనక చప్పుడు విని తిరిగి చూసింది. స్వామి అక్కడే నిలిచిపోయాడు. దారిలో ఆమెకూ గుడి ఉంది. ముందు ఆమెకు దణ్ణం పెట్టుకునే జనం పైకి వెళ్తారు.

ఇక్కడి స్వామి దక్షిణామూర్తి రూపమనీ, అందుకే కల్యాణోత్సవం జరగదనీ చెబుతారు. మిగతా శివాలయాల్లో శివరాత్రికి పెళ్ళి సంబరం ఉంటుంది. కోటప్పకొండకు ఆ సంబరాన్ని ఊళ్ళు మోసుకొస్తాయి. కోటిన్నొక్క ప్రభలు కట్టుకొస్తే కొండ దిగి వస్తానని స్వామి మాట ఇచ్చాడని పల్నాడులో నమ్మకం. ఆ లెక్క పూర్తి కావడానికి ఎన్ని తరాలు పడుతుందన్న చింత ఎవరికీ లేదు. ఈ ఏడాది మా ఊరి వంతు మేం కట్టాం అన్న తృప్తి ఉంది. ఒక నమ్మకం ఒక కళను ఇన్నాళ్ళు బతికించిందంటే దానికి చేతులెత్తి మొక్కాలి.

సాయంత్రానికి ప్రభలు కొండ కిందకు చేరడం మొదలైంది. ఒకప్పుడు ఒంగోలు గిత్తలు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నాయి. ప్రభలు వచ్చే దారిలో కరెంటు తీగలు తప్పిస్తారు. ప్రభ వెలుగుకు జనరేటరు వెంట వస్తుంది. మలుపు దగ్గర ఒక ప్రభ ఆగింది. డప్పులు ఆగాయి. మోకులవాళ్ళు నాలుగు దిక్కులకూ విడిపోయారు. ఒకాయన చెయ్యెత్తాడు. ఎడమవైపువాళ్ళు వెనక్కి వంగి లాగుతుంటే కుడివైపువాళ్ళు తాడును జానెడు జానెడుగా వదిలారు. శిఖరం ఒక పక్కకు ఒరిగింది, అక్కడే ఒక్క క్షణం ఆగింది, నిదానంగా మళ్ళీ నిటారైంది. “చేదుకో కోటయ్యా” అన్న కేక వేల గొంతుల్లోంచి లేచింది. ఆ కేకలో నా గొంతూ కలిసింది.

చీకటి పడ్డాక ప్రభలన్నీ వెలిగాయి. పగటి పూట గుడ్డలూ కాగితాలూ చేసిన పనిని రాత్రి దీపాలు అందుకున్నాయి. పగలు రంగు పలకలుగా కనిపించిన ముఖమంతా ఇప్పుడు పరుగెత్తే గీతలు, విచ్చుకునే చక్రాలు, కింది నుంచి పైకి పాకే తీగలు. నల్లటి ఆకాశం మీద వెలుగు పొదిగిన పని. బీదరు కుదురు మీద నలుపు లేకపోతే వెండికి విలువ లేదు. ఇక్కడా అంతే, చీకటే నేపథ్యం. ఎక్కడ వెలుగు పెట్టాలో తెలిసినంత బాగా ఎక్కడ పెట్టకూడదో కూడా ఈ కుర్రాళ్ళకు తెలుసు. ప్రభ నడుమ పటం చుట్టూ వాళ్ళు కొంత మేర చీకటి వదిలారు. ఆ ఖాళీ వల్లే శివపార్వతుల మొహాలు అంత దూరానికీ తేటగా కనిపించాయి. రూపకల్పన కాలేజీల్లో ఏళ్ళ తరబడి బోధించే పాఠం అది.

అర్ధరాత్రి దాకా ప్రభల మధ్య తిరిగాను. పెద్ద విద్యుత్ ప్రభల పక్కనే, మొక్కు తీర్చుకోవడానికి ఇంటివాళ్ళు కట్టుకున్న చిన్న ప్రభలూ ఉన్నాయి. ఒక చిన్నపిల్లవాడు భుజం ఎత్తు ప్రభ పట్టుకుని తండ్రి వెంట నడుస్తున్నాడు. దానికీ నాలుగు తాళ్ళు, దానికీ శిఖరాన జెండా. పెద్ద ప్రభలోని కొలతలన్నీ ఆ చిన్నదాంట్లోనూ ఉన్నాయి. ఈ కళకు బడి అదే. మరునాటికల్లా ప్రభలు తిరుగుదారి పడతాయి. ఊరు చేరాక కట్లు విప్పుతారు. వెదుళ్ళు పాకలకూ పందిళ్ళకూ పోతాయి. గుడ్డలు మూటకడతారు. వచ్చే ఏడు మళ్ళీ మొదలు.

నా మనసు అక్కడే కలతపడింది. విప్పేయడం తప్పు కాదు. ప్రతి ఏడూ మళ్ళీ కట్టాల్సి రావడం వల్లే కట్టే విద్య చేతుల్లో నిలిచింది. మ్యూజియంలో హుక్కా కుదురు మిగిలింది. దాన్ని ఇప్పుడు చేయగల ఇళ్ళు బీదరులో ఏటేటా తగ్గిపోతున్నాయి. ఇక్కడ వస్తువు మిగలకపోయినా విద్య మిగిలింది. కాని ఆ విద్య ఇప్పుడు వేగంగా మారుతోంది. గిత్తలు పోయాయి, ట్రాక్టర్లు వచ్చాయి. అద్దెకు తెచ్చే లైట్ల పలకలు గుడ్డపనిని నెట్టేస్తున్నాయి. ఇనుప చట్రాలు వస్తే తాడుకట్లు పోతాయి. మారడాన్ని నేను తప్పుపట్టను. బతికున్న కళ మారుతుంది. మారేముందు ఉన్నది ఏమిటో రాసుకోకపోవడం మాత్రం తప్పు. ఇరవై ఏళ్ళ కిందట ఫలానా ఊరి ప్రభ ముఖం మీద ఏ నమూనా ఉండేదో చెప్పమంటే ఇవాళ ఫొటో కూడా దొరకని ఊళ్ళు ఉంటాయి. హుక్కా కుదురు చేసినవాడి పేరు పోయినట్టే ఈ పేర్లూ పోతాయి.

ప్రభలకు గుర్తింపు లేదనలేం. 2023 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటం కోనసీమ ప్రభల తీర్థమే. దేశమంతా చూసింది. కోనసీమ ప్రభ ఊరి దేవుణ్ణి భుజాల మీద మోసుకుంటూ పంటపొలాల్లోంచీ కాలువల్లోంచీ నడుస్తుంది. పల్నాడు ప్రభ ఆకాశానికి నిచ్చెన వేసినట్టు లేచి బండి మీద వస్తుంది. ఒకే పేరున్న ఈ రెండు రూపాలను పక్కపక్కన పెట్టి, కొలతలతో, పటాలతో, కట్టేవాళ్ళ మాటలతో వివరించే ఒక గది తెలుగునాట ఉంటే ఎంత బాగుంటుంది! అందులో ఒక పక్క అమరావతి పద్మాల నకళ్ళు, ఒక పక్క దుర్గి శిల్పుల కొత్తపని, మధ్యలో నిజమైన ప్రభ అడుగుభాగం, పిల్లలు స్వయంగా ముడులు వేసి చూడడానికి వెదుళ్ళూ తాళ్ళూ. లండనులో హెన్రీ కోల్ మ్యూజియం పెట్టింది చేసేవాళ్ళు నేర్చుకోవడానికి. పల్నాడులో పెట్టబోయేదీ చేసేవాళ్ళదే కావాలి. వచ్చే ఏడు ప్రభ కట్టబోయే కుర్రవాడు వచ్చి, తాతల నాటి నమూనా చూసి, దానికి తనదేదో చేర్చుకుని వెళ్ళాలి.

తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ ఆ ఊరికి వెళ్ళి పెద్దాయనతో ఈ మాటే అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “రాసేవాడుంటే చెప్పేదానికి మేమున్నాం” అన్నాడు. అక్కడే ఒక నోటుపుస్తకం తీసి, ఆయన చెప్పినకొద్దీ రాశాను. అడుగు చట్రం కొలత, వాసాల మధ్య దూరం, ఏ కట్టు ఎక్కడ వాడతారు, మోకు పట్టేవాళ్ళు ఎలా నిలబడాలి, ఈ ఏడాది ఏ పని ఎవరు చేశారు. కుర్రాళ్ళు చుట్టూ మూగి ఒకళ్ళనొకళ్ళు సరిదిద్దుకుంటూ చెప్పారు. పుస్తకం నేను తెచ్చుకోలేదు, ఊళ్ళోనే ఇచ్చి వచ్చాను.

ఈ పని మొదలుపెట్టడానికి పెద్ద భవనం అక్కర్లేదు, నిధులు మంజూరయ్యేదాకా ఆగక్కర్లేదు. ప్రతి ఊరూ ప్రభ విప్పేముందు ముందూ వెనకా నాలుగు ఫొటోలు తీసి, కొలతలు రాసి, కట్టినవాళ్ళందరి పేర్లూ వరసగా నమోదు చేసి, ముఖం మీది రంగుగుడ్డ ఒకటి జాగ్రత్తగా మడిచి బడిలో దాచిపెడితే చాలు. పదేళ్ళు తిరిగేసరికి పల్నాడుకు తనదైన అలంకార కళల మ్యూజియం సిద్ధంగా ఉంటుంది. అందులో ప్రతి వస్తువు పక్కనా దాన్ని చేసినవాళ్ళ పేర్లు ఉంటాయి.